నా కుర్చీ ఎవరు మడిచారు?

రెండు గాడిదల వాగు ఒడ్డున కుర్చీ తెరిచి ఉందంటే మనిషి ఉన్నట్టే లెక్క. ఆ మనిషి నీళ్ళు పట్టుకోవడానికి ఊళ్ళోకి వెళ్ళి ఉండొచ్చు, పన్ను పీకించుకోవడానికి సరిహద్దు దాటి మెక్సికో వెళ్ళి ఉండొచ్చు, కూతురింటికి వెళ్ళి పది రోజులు ఉండిపోయి ఉండొచ్చు. జాగా చుట్టూ పేర్చుకున్న రాళ్ళ కట్టు మధ్యలో కుర్చీ తెరిచి ఉన్నంతకాలం అందులో ఎవరూ అడుగు పెట్టరు. అది సర్కారు ఎడారి. ఎవరికీ పట్టా లేదు, కంచె లేదు. ఉత్తరాది మంచు తప్పించుకుని వచ్చి, చలికాలం నాలుగు నెలలూ బళ్ళలో కాపురం పెట్టే ముసలివాళ్ళు తమలో తాము పెట్టుకున్న కట్టుబాటు అది. చట్టానికి జడవని వాళ్ళు కూడా కుర్చీకి జడుస్తారు.

అందుకే వెర్నా తొమ్మిది రోజుల క్రితం వెళ్ళేటప్పుడు తన ఆకుపచ్చ గుడ్డ కుర్చీని తెరిచి, గాలికి పడిపోకుండా నాలుగు కాళ్ళకీ రాళ్ళు ఆనించి, ఒకటికి రెండుసార్లు ఊపి చూసి మరీ వెళ్ళింది. ఇప్పుడు తిరిగొచ్చి చూస్తే కుర్చీ లేదు. రాళ్ళ కట్టు లేదు. పదకొండు చలికాలాలుగా ఆమె వ్యాను నిలిపే ఐరన్‌వుడ్ చెట్టు కింద ఇల్లంత మోటారు బండి ఒకటి నిలబడి ఉంది. దాని ముందు ప్లాస్టిక్ గడ్డి పరిచారు. ఎడారిలో గడ్డి! ఆ గడ్డి మీద బొచ్చుకుక్క ఒకటి వెల్లకిలా పడుకుని ఎండ కాగుతోంది.

వెర్నాకి అరికాలి మంట నెత్తికెక్కింది.

రెండు రోజుల పాటు ఐడహోలోని కూతురింటి నుంచి కిందికి దిగివస్తూ ఆమె ఈ క్షణం కోసమే బతికింది. తారు రోడ్డు వదిలి మట్టిదారి పట్టగానే రేడియో కట్టేసింది, అద్దం దించింది. నిన్న ఎప్పుడో చినుకు పడినట్టుంది, తడిసిన పొదల ఘాటు వాసన ముక్కుకి తగిలింది. "వచ్చేశానే" అని పైకే అంది, ఎవరితోనో తెలియదు. ముప్పై ఒక్క ఏళ్ళు స్కూలు బస్సు నడిపిన మనిషి, డెబ్భై ఒక్క ఏళ్ళది, పెళ్ళి కొడుకుని చూడబోయే పిల్లలాగా అద్దంలో జుట్టు సవరించుకుంది కూడా. మొగుడితో విడాకులై, ఇల్లు అమ్మేసి, ఎక్కడికి పోవాలో తెలియక తిరిగిన ఏడాది ఆమెకి ఈ చెట్టు దొరికింది. మొగుడు చూపించింది కాదు, పిల్ల కొనిపెట్టింది కాదు. ఆమె వెతుక్కున్నది, ఆమెదే.

వ్యాను తలుపు కూడా వెయ్యకుండా దిగి వెళ్ళి మోటారు ఇంటి తలుపు దబదబా బాదింది.

తలుపు తీసిన ఆవిడ గులాబీ రంగు చొక్కా వేసుకుని నవ్వుతూ ఉంది. వెనకాల ఆవిడ మొగుడు చేతిలో సాండ్‌విచ్‌తో నిలబడ్డాడు.

"నమస్తే అండీ! నా పేరు మార్లిన్, ఈయన బాయ్డ్. మాది ఒహాయో. ఏమన్నా కావాలాండి?"

"నా జాగా కావాలి," అంది వెర్నా.

మార్లిన్ నవ్వు సగంలో ఆగిపోయింది. "ఇది ఖాళీయేనని చెప్పారండి మాకు. అదిగో, ఆ చివరి ట్రెయిలర్లో ఉండే పెద్దాయన చెప్పారు. ఇక్కడుండే ఆవిడ ఇక రారు, పాపం, అన్నారు."

"పాపం అన్నాడా?"

"అన్నారండి. టోపీ కూడా తీశారు." మార్లిన్ గొంతు తగ్గించింది. "ఆవిడకి మీరేమవుతారండి?"

"నేనే ఆవిడ."

బాయ్డ్ సాండ్‌విచ్ నమలడం మానేశాడు. కుక్క లేచి బండి కిందికి దూరింది. మార్లిన్ ఏదో అనబోయింది కానీ, వెర్నా అప్పటికే వెనక్కి తిరిగి చివరి ట్రెయిలర్ వైపు నడుస్తోంది. ఆ నడక చూస్తే ఆమె బస్సెక్కిన పిల్లలకి గుర్తొచ్చేది. బస్సు రోడ్డు పక్కన ఆపి, సీటు బెల్టు తీసి, వెనక వరసలోకి నడిచి వచ్చే నడక అది.

చివరి ట్రెయిలర్ హైరమ్‌ది. ఉత్తర డకోటాలో వెల్డింగ్ పని చేసి చేసి చెవులు పోగొట్టుకున్నవాడు, ఎనభై ఏళ్ళవాడు. సోలార్ పలక తుడుచుకుంటున్నాడు. వెర్నా అతని దగ్గరికి వెళ్ళేలోపే అతని రాళ్ళ కట్టులో తెల్లగా మెరిసే రాయి ఒకటి ఆమె కంటబడింది. ఆ రాయిని ఆమె మూడో ఏడు వాగు పైభాగంలో, మోకాళ్ళు చెక్కుకుపోయేలా ఎక్కి తెచ్చుకుంది. దానికి ఒక పక్క తుప్పు రంగు చార ఉంటుంది. ఇప్పుడు ఆ చార హైరమ్ వైపు తిరిగి ఉంది.

అంటే రాళ్ళ పంపకం అయిపోయిందన్నమాట.

వాగు ఒడ్డున ఎవరైనా చనిపోతే, లేదా ఇక బండి నడపలేని స్థితికి వచ్చి పిల్లల దగ్గరో ఆశ్రమంలోనో చేరిపోతే, మిగిలినవాళ్ళు ఒక సాయంత్రం తలా ఒక వంటకం తెచ్చుకుని ఆ జాగాలో కూడతారు. పోయినవాళ్ళకి బాగా దగ్గరైన మనిషి కుర్చీ మడుస్తారు. ఆ తర్వాత తలా ఒక రాయి తీసుకుని తమ కట్టులో కలుపుకుంటారు. వెర్నా కట్టులోనే అలాంటివి ఏడు రాళ్ళున్నాయి. ఆ ఏడుగురూ పోయినవాళ్ళే. ఎనిమిదో మనిషిగా తను బతికుండగానే ఆ వరసలోకి చేరిపోయింది.

"హైరమ్!"

హైరమ్ తిరిగి చూసి, టోపీ తీసి గుండెలకి హత్తుకున్నాడు.

"టోపీ పెట్టుకో. నేను చావలేదు."

"చావలేదని తెలుసు తల్లీ. రావని చెప్పారు కదా."

"ఎవరు చెప్పారు?"

"అందరూ అన్నారు. పిల్ల దగ్గరే ఉండిపోతోంది, గది కూడా కట్టించారట అని." చెవిలో యంత్రం సరిచేసుకున్నాడు. "గురువారం నీకు పంపకం పెట్టాం. బాగా జరిగింది వెర్నా. ట్రూడీ బంగాళాదుంపల సలాడ్ చేసింది. నేను నీ గురించి నాలుగు మంచి మాటలు చెప్పాను. ఇసకలో కూరుకుపోయిన బండిని నువ్వు బయటికి లాగిన కథ చెప్పాను. అందరూ కళ్ళు తుడుచుకున్నారు. ఇప్పుడు వెనక్కి తీసుకోమంటావా?"

"నా కుర్చీ ఎవరు మడిచారు?"

హైరమ్ మళ్ళీ చెవి యంత్రం సరిచేసుకున్నాడు. ఈసారి దాన్ని ఆపేసుకున్నాడని ఆమెకి తెలుసు.

"ఎవరు మడిచారని అడుగుతున్నా!"

"గాలి ఎక్కువగా ఉంది, ఏమీ వినపడట్లేదు," అన్నాడు హైరమ్, చెట్టు ఆకు కూడా కదలని ఎండలో.

ఆమెకి జవాబు తెలుసు. పంపకంలో కుర్చీ మడిచేది బాగా దగ్గరైన మనిషే కదా. ఈ వాగులో వెర్నాకి ఆ మనిషి ఒక్కతే. అయినా అందరినీ అడుగుతూ పోయింది, ఎవరో ఒకరు వేరే పేరు చెప్తారేమోనని. హైరమ్ ట్రెయిలర్ పక్కనున్న చిన్న లాగుడు బండి అడగకుండానే తీసుకుంది. తెల్లరాయి ఊడబీకి అందులో వేసింది.

తర్వాతది కెనడాలోని సస్కాచివాన్ నుంచి వచ్చే అక్కచెల్లెళ్ళ మకాం. ట్రూడీ, ఫేయ్ ఇద్దరూ గొడుగు కింద పేకాడుతున్నారు.

"రాళ్ళు ఇచ్చేయండి."

"అమ్మో, వెర్నా!" ట్రూడీ పేకముక్కలు వదిలేసింది. "నీకోసం నేను ఎంత ఏడ్చానో తెలుసా?"

"సలాడ్‌లో ఉప్పు ఎక్కువైందట, అందుకేనేమో," అంది ఫేయ్, ముక్కల మీంచి తల ఎత్తకుండా. "ఎర్రవి రెండూ తనవే, ఇచ్చెయ్యవే. చెప్పానా లేదా నీకు? అది ఉండే మనిషి కాదు, పది రోజుల్లో వస్తుంది, కాస్త ఆగండే అని మొత్తుకున్నానా లేదా?"

"మొత్తుకున్నావు. మొత్తుకుంటూనే ముందు నువ్వే రాయి తీసుకున్నావు."

"మంచివన్నీ అయిపోతాయని తీసుకున్నా."

వెర్నాకి ఇంకో రోజైతే నవ్వొచ్చేది. ఈ రోజు రాలేదు. పళ్ళు బిగబట్టి రెండు రాళ్ళూ బండిలో పడేసింది. "కుర్చీ ఎవరు మడిచారు?" అని అడిగితే అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకేసారి ముక్కల్లోకి చూశారు.

అలా మకాం మకాం తిరిగింది. ఎండ చురుక్కుమంటోంది. ఒకాయన రాయిని కడిగి మరీ ఇచ్చాడు. ఒకావిడ తన కట్టులో ఏది వెర్నా రాయో గుర్తుపట్టలేక, "ఇదేమో చూడు, కాదా, అయితే ఇది తీసుకో, ఏదైతేనేం రాయి రాయేగా," అంది. ఆ మాటకి వెర్నా ఆవిడ మీద కేకలు వేసింది. రాయి రాయే అట! పదకొండేళ్ళు, ఏడాదికి మూడు చొప్పున, నడిచి నడిచి ఏరుకున్నవి. తొమ్మిది రోజులు లేకపోయేసరికి చింతపిక్కల్లాగా పంచేసుకున్నారు. మనిషి తిరిగొచ్చి నిలబడితే ఒక్కళ్ళ మొహంలో సంతోషం లేదు, దొంగ దొరికినట్టు చూస్తున్నారు. ఆమెకి ఏడుపొచ్చింది. ఏడుపొస్తే కోపం ఇంకా పెరిగే మనిషి ఆమె.

బండి నిండాక ఇక మిగిలింది ఒక్క మకాం. వెండి రంగు గుండ్రటి ట్రెయిలర్. తలుపు వేసి ఉంది. ఈ టైములో ఆ తలుపు ఎప్పుడూ వేసి ఉండదు.

"ఆర్డిత్! తలుపు తీ."

"తీసే ఉంది. గెడ పెట్టలేదు," లోపల్నించి గొంతు.

ఆర్డిత్ బల్ల దగ్గర కూర్చుని ఉంది. డెబ్భై నాలుగేళ్ళ మనిషి, ముప్పై ఏళ్ళు ఆసుపత్రిలో నర్సుగా చేసింది. తొమ్మిది చలికాలాలుగా వీళ్ళిద్దరూ రోజూ తొమ్మిదింటికి కలిసి కాఫీ తాగుతారు, ఒకరి మీద ఒకరు చాడీలు చెప్పుకోవడానికి మూడో మనిషి లేక ఒకరి మొహం మీద ఒకరే చెప్పుకుంటారు. ఆర్డిత్ వెనక, గోడకి ఆనించి, ఆకుపచ్చ కుర్చీ మడిచి ఉంది.

వెర్నా దాన్నే చూస్తూ నిలబడింది.

"నువ్వే."

"నేనే. ఇంకెవరు మడుస్తారు?"

"నేను చచ్చానని ఎవరు చెప్పారే నీకు?"

"ఎవరూ చెప్పలేదు. జానెల్ ఫోన్ చేసింది. అమ్మ ఒప్పుకుంది, ఇక్కడే ఉంటుంది, గది చూసి బావుందని కూడా అంది, మీరందరూ ఆవిడ కోసం ఎదురు చూడకండి అంది. మీ వాళ్ళకి చెప్పండి అని ఏడ్చింది. సంతోషంతో ఏడ్చిందే, వెర్నా."

వెర్నా చూపు తిప్పుకుంది. గది బావుందని అన్న మాట నిజమే.

జానెల్ ఆమె కూతురు. మనవరాలు మిలీ ఏడో పుట్టినరోజు అని పిలిస్తే వెర్నా వెళ్ళింది. కేకు కోశాక అల్లుడు కర్ట్ ఆమెని కింది అంతస్తుకి తీసుకెళ్ళి తలుపు తీశాడు. లేత పసుపు రంగు వేసిన గది. మంచం, దీపం, స్నానాల గదిలో పట్టుకోవడానికి మెరిసే స్టీలు కమ్మీ. తలుపు మీద మిలీ రంగు పెన్సిళ్ళతో అమ్మమ్మ గది అని రాసింది, పక్కన వ్యాను బొమ్మ వేసింది, ఆ వ్యానుకి చక్రాలు లేవు. జానెల్ కళ్ళలో నీళ్ళతో నిలబడి ఉంది. అందరూ ఆమె మొహంలోకే చూస్తున్నారు. కాదు అనే మాట గొంతుదాకా వచ్చింది. పిల్ల పుట్టినరోజు నాడు ఎందుకులే అని కేకు ముక్కతో పాటు మింగేసింది. గది బావుందమ్మా, అంది. మౌనం అర్ధాంగీకారం అంటారు. మిగిలిన సగం జానెల్ తనే కలుపుకుంది. మిగతా రోజులన్నీ కాదని చెప్పడానికి సమయం దొరకనట్టు నటించి, చివరి రోజు పొద్దున్నే, "కాస్త నా సామాను తెచ్చుకుని వస్తా," అని చెప్పి బయటపడింది. బతుకంతా బస్సులో అరవై మంది పిల్లల్ని ఒక్క అరుపుతో కూర్చోబెట్టిన మనిషికి, కన్నకూతురి ముందు నోరు పెగల్లేదు.

కానీ ఆ విషయం ఇప్పుడు ఆర్డిత్ ముందు ఒప్పుకునే ఉద్దేశం ఆమెకి లేదు.

"గది ఎందుకు కట్టించింది అది? ఉన్నట్టుండి కమ్మీ ఎందుకు పెట్టించింది? క్రిస్మస్ దాకా నేను గుర్రంలా ఉన్నానని చెప్పుకు తిరిగిన పిల్ల, జనవరికల్లా..." అని ఆగింది. ఆర్డిత్ బల్ల మీద ఏదో గీత ఉన్నట్టు వేలితో రుద్దుతోంది. ఆ వేలికి కట్టు ఉంది.

వెర్నాకి అర్థమైపోయింది.

"నువ్వు చెప్పావు."

"చెప్పాను."

"ఒట్టు వేశావు నాకు! వాగులో నా పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఒట్టు వేశావు! జానెల్‌కి చెప్పనని! నీ నోట్లో నువ్వుగింజ నానదని తెలిసీ నమ్మాను చూడు, నన్ననాలి!"

క్రిస్మస్ మర్నాడు వెర్నా వాగులో నడుస్తూ కళ్ళు తిరిగి పడిపోయింది. అంతే. బీపీ మాత్ర రెండుసార్లు వేసుకుంది, ఎండగా ఉంది, పడింది. ఆర్డిత్ వెతుక్కుంటూ వచ్చేసరికి బోర్లా ఉంది, చెంప మీద గులకరాళ్ళ అచ్చులు పడ్డాయి. తర్వాత కూర్చుని నీళ్ళు తాగి నడుచుకుంటూ వచ్చేసింది. దానికి ఇంత రాద్ధాంతమా!

"మాత్ర ఎక్కువైందని చెప్పానా లేదా?"

"చెప్పావు. మాత్ర వేసుకున్నావో లేదో గుర్తులేక ఎక్కువైంది," అంది ఆర్డిత్. అప్పటిదాకా మెల్లగా ఉన్న గొంతు ఒక్కసారి లేచింది. "అరవడం నీకొక్కదానికే వచ్చా? అయితే విను. ఆ రోజు నుంచీ అయిదింటికే లేచి ఈ కిటికీ దగ్గర కూర్చుంటున్నా. నీ వ్యాను తెర కదిలేదాకా ఇక్కడే. నువ్వేమో ఒక రోజు ఆరింటికి తీస్తావు, ఒక రోజు ఎనిమిదింటికి తీస్తావు, మహారాణివి! ఎనిమిదైన రోజుల్లో నా ప్రాణం ఎక్కడుందో నీకేం తెలుసు? ముప్పై ఏళ్ళు తెరలు పక్కకి లాగి లాగి లోపల ఎవరున్నారో, ఎవరు లేరో చూసినదాన్ని. ఇంకో తెర లాగి చూడలేనే. అందులో నీది అసలే లాగలేను."

వెర్నాకి జాలి కలగలేదని కాదు. కలిగింది. దాన్ని తోసేసి కోపమే ముందుకొచ్చింది, ఎందుకంటే అది న్యాయమైన కోపం.

"అడగొచ్చుగా! పొద్దున్నే తెర తీయవే అని ఒక్క మాట నన్ను అడగొచ్చుగా! నాతో చెప్పడానికి నోరు రాలేదు కానీ, వెయ్యి మైళ్ళ అవతల నా కూతురితో చెప్పడానికి వచ్చిందా?"

"అడిగితే తీసేదానివా?"

వెర్నా ఆలోచించింది. అబద్ధం చెప్పాలని ఉంది, కానీ ఆ మనిషి ముందు అబద్ధం అతకదు.

"తీసేదాన్ని కాదు."

"మరి?"

"అయినా అడగాలి!"

ఆర్డిత్ కట్టు కట్టిన వేలు పైకెత్తింది. "నీ దిక్కుమాలిన కుర్చీ మడుస్తుంటే నలిగింది. అందరి ముందూ. ఏడవాలో తిట్టాలో తెలియలేదు. రాయి మాత్రం నేను తీసుకోలేదు. వెళ్ళి లెక్క చూసుకో. నావల్ల కాలేదు."

వెర్నా ఆ వేలు వంక చూడలేదు. జేబులోంచి ఫోన్ తీసింది. వాగులో సిగ్నల్ దొరికేది ఆర్డిత్ ట్రెయిలర్లోనే, పైకప్పు మీద పెట్టించిన యాంటెన్నా పుణ్యమా అని. అందుకని వేరే దారి లేక అక్కడే, ఆర్డిత్ ఎదురుగానే, కూతురి నంబరు నొక్కింది.

"చేరావా అమ్మా? సామాను సర్దడం మొదలుపెట్టావా?" జానెల్ గొంతు సంబరంగా ఉంది. "కర్ట్ వచ్చి సాయం చేస్తానంటున్నాడు."

"జానెల్, నేను రావట్లేదు."

"ఈ వారమా?"

"ఏ వారమూ రాను. నేను అక్కడ ఉండను."

జానెల్ గొంతు సన్నబడింది. "గది బావుందన్నావు."

"బావుంది. బావుందన్నాను, ఉంటానని అనలేదు. ఉండనని కూడా అనలేదు. అది నా తప్పు. పిల్ల పుట్టినరోజు పూట నిన్ను ఏడిపించడమెందుకని నోరు మూసుకున్నా. నేను నోరు మూసుకున్నందుకు నువ్వు ఇక్కడ నా చావు చేయించావు. అది నీ తప్పు. ఫోన్ చేసి నా వాళ్ళతో నేను రానని చెప్పడానికి నువ్వెవరు?"

"నీ కూతుర్ని!" జానెల్ అరిచింది. "నువ్వు వాగులో బోర్లా పడి ఉన్నావని పరాయివాళ్ళు చెప్తే తెలుసుకున్న కూతుర్ని! నువ్వు చెప్పావా నాకు? మళ్ళీ పడితే?"

"పడితే ఇక్కడ ఎత్తేవాళ్ళున్నారు."

"ఎత్తేవాళ్ళకి నడుం నొప్పి," అంది ఆర్డిత్, ఫోన్‌కి వినపడేంత గట్టిగా.

"నోర్ముయ్," అంది వెర్నా ఆమెతో. ఫోన్లో, "నిన్ను కాదు తల్లీ," అంది. కాస్త ఊపిరి తీసుకుంది. "ఏప్రిల్లో ఇక్కడ ఎండలు ముదిరాక వస్తాను. రెండు నెలలుంటాను. ఆ గదిలోనే పడుకుంటాను, ఆ కమ్మీ పట్టుకునే స్నానం చేస్తాను. ఆ తర్వాత వెళ్ళిపోతాను, చలి రాగానే మళ్ళీ ఇక్కడికే వస్తాను. మిలీతో చెప్పు, ఆ బొమ్మలో వ్యానుకి చక్రాలు పెట్టమని."

జానెల్ ఏడుస్తూనే ఫోన్ పెట్టేసింది. ఒప్పుకుందో లేదో తెలియదు. వెర్నా ఫోన్ జేబులో పెట్టుకుని, బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి, కుర్చీ చంకన పెట్టుకుంది.

"ఎక్కడ పెడతావు దాన్ని?" అడిగింది ఆర్డిత్. "చెట్టు కింద ఒహాయో వాళ్ళున్నారు. మార్చి నెలాఖరుదాకా ఉంటామన్నారు. వాళ్ళ తప్పేం లేదు."

"తెలుసు వాళ్ళ తప్పు లేదని. నీదే తప్పు."

చెట్టు ఈ ఏడుకి పోయినట్టే. ఆ సంగతి వెర్నాకి పొద్దున ఆ ప్లాస్టిక్ గడ్డి చూసినప్పుడే తెలుసు. కుర్చీ మడిచాక వచ్చినవాళ్ళని లేవమనడానికి లేదు, అది కూడా కట్టుబాటే. తనే ఎంతమందికి ఆ కట్టుబాటు నేర్పిందో! ట్రెయిలర్ మెట్లు దిగుతుంటే దూరంగా చెట్టు నీడ ప్లాస్టిక్ గడ్డి మీద పడి కనిపించింది. ఆ నీడ మూడు గంటలకి ఎటు తిరుగుతుందో, నాలుగింటికి ఎక్కడికి పాకుతుందో ఆమెకి కంఠతా వచ్చు.

వ్యాను స్టార్ట్ చేసింది. వాగు పొడవునా ఖాళీ జాగాలున్నాయి, నీడ ఉన్నవి కూడా ఒకటి రెండు ఉన్నాయి. వాటన్నిటినీ దాటుకుంటూ వచ్చి, తిరిగి ఆర్డిత్ ట్రెయిలర్ పక్కకే తెచ్చి, ముందుకీ వెనక్కీ ఆడించి, తన కిటికీ సరిగ్గా ఆర్డిత్ కిటికీకి ఎదురుగా వచ్చేలా ఆపింది. మధ్యలో నాలుగు అడుగుల దూరం. బస్సు నడిపిన చెయ్యి, ఒక్క అంగుళం తేడా రాలేదు. ఆర్డిత్ మెట్ల మీద నిలబడి నోరు తెరుచుకుని చూస్తోంది.

"ఇదేంటే? ఎడారి అంతా వదిలేసి నా నెత్తి మీద పెట్టావు! నాకు కొండ కనపడదు!"

"కొండ ఎందుకు? నా తెర చూసుకో. కళ్ళారా చూసుకో," అంది వెర్నా. "నీతో నేను మాట్లాడను. ఇదే ఆఖరి మాట."

సాయంత్రం దాకా రాళ్ళు పేర్చింది. కుర్చీ తెరిచి, కాళ్ళకి రాళ్ళు ఆనించి, ఊపి చూసింది. ఆర్డిత్ లోపల్నించి రెండుసార్లు ఏదో అడిగింది. వెర్నా జవాబు చెప్పలేదు.

మర్నాడు ఆమెకి అయిదుంపావుకే మెలకువ వచ్చింది. ఒళ్ళంతా రాళ్ళు మోసిన నొప్పి. దుప్పటి ముసుగు తన్ని ఎనిమిదిదాకా పడుకోవాలని ఉంది. పడుకుంటే ఆ ఆర్డిత్ రోగం కుదురుతుంది అనుకుంది కూడా. తెర అంచులోంచి చూస్తే ఎదుటి కిటికీలో నెరిసిన తల, చేతిలో కప్పు, వేలికి కట్టు కనిపించాయి. ఆ తల ఇటే తిరిగి, కదలకుండా ఉంది.

వెర్నా లేచి కూర్చుంది. తెర పట్టుకుని, రింగులు కమ్మీకి కొట్టుకుని వాగంతా వినపడేలా, ఒక్క గుంజు గుంజింది. అవతల ఆర్డిత్ ఉలిక్కిపడి కాఫీ ఒలకబోసుకుంది. వెర్నా ఒక్క మాట కూడా మాట్లాడకుండా ఆమె మొహంలోకి కోపంగా చూసి, దుప్పటి ముసుగు పెట్టుకుని మళ్ళీ పడుకుంది.